ఎంత పడింది?

నాన్నకు మోకాలి ఆపరేషన్ అయింది. ఇక బురదలో దిగొద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో 2024 జూన్‌లో హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలేసి ఊరికొచ్చాను. మాది పల్నాడు, సాగర్ కుడి కాలువ చివరి భూములు. సొంతానికి ఒక ఎకరం ఉంది. దాని పక్కనే ఇంకో ఎకరం కౌలుకు తీసుకుని రెండిట్లోనూ తేజ రకం మిరప వేశాను. 2025 వేసవికి పంట అయిపోయింది. ప్రతి రూపాయీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. మొదటిసారి మిరపలోకి దిగాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

కౌలు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. అదే ఎకరాన్ని నాన్న కంది వేసిన రోజుల్లో 18 వేలకు చేశాడు. 2023లో గుంటూరులో తేజ క్వింటా 20 వేలు దాటింది. ఆ ఏడాది మా ఊళ్లో మూడు మేడలు లేచాయి, వాటితోపాటు కౌలూ లేచింది. జులై 3న నేను ఒప్పుకున్నది 40 వేలు, అందులో సగం ముందే ఇవ్వాలి. రేటు పెరిగిన ఏడాది పెరిగిన కౌలు, రేటు పడిన ఏడాది పడదు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

పొలం ఇచ్చినాయన మాకు వరసకు మామ. పంట సాగుదారు కార్డు తీసుకుంటే బ్యాంకులో అప్పు పుడుతుందని, సంతకం కోసం ఆయన దగ్గరికి మూడుసార్లు తిరిగాను. ఆ కార్డు 11 నెలలకే చెల్లుతుంది, భూమి మీద ఏ హక్కూ రాదు అని అందులో రాసింది చదివి కూడా వినిపించాను. ‘నీ మీద నమ్మకం లేక కాదు అల్లుడూ, కాగితాల మీద లేదు’ అన్నాడు. అంతే, బ్యాంకు సంగతి అక్కడితో ముగిసింది.

ఊళ్లో అందరూ చేసేదే నేనూ చేశాను. ఆగస్టు 10న గుంటూరు వెళ్లి ఒక కమీషన్ ఏజెంటు దగ్గర లక్షన్నర తెచ్చుకున్నాను. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. కాగితం లేదు, హామీ లేదు, పది నిమిషాల్లో డబ్బు చేతిలో పెట్టాడు, టీ కూడా ఇప్పించాడు. ఒక్కటే మాట, సరుకు తన కొట్టుకే రావాలి. ఎవరికో ఒకరికి అమ్మాల్సిందే కదా, ఇందులో ఏముంది అనుకున్నాను. మిగతా పెట్టుబడి నా పీఎఫ్ డబ్బు, పురుగుమందుల కొట్లో ఖాతా.

ఆగస్టు మొదట్లో సాగర్ గేట్లు ఎత్తడంతో ఊరంతా నాట్ల హడావుడి. నర్సరీ నుంచి నారు మొక్క రూపాయి చొప్పున 24 వేల మొక్కలు తెచ్చి, 24వ తేదీన నాటించాను. వారం తిరక్కుండానే ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలు. విజయవాడను బుడమేరు ముంచింది ఆ రోజుల్లోనే. మా పొలం మునగలేదు కానీ పల్లపు మూల రెండు రోజులు నీళ్లు నిలిచి మొక్కలు ఉడికినట్టు వాలిపోయాయి. మళ్లీ 3,500 మొక్కలు కావాల్సి వచ్చింది. ఊరందరికీ ఒకేసారి కావాలి కదా, ఈసారి మొక్క 1 రూపాయి 60 పైసలు. వాటి కోసం నాలుగు రోజులు ఎదురుచూశాను.

అక్టోబరు నుంచి మందులే మందులు. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలకు తోటలు పోయిన భయం మా ఊరిని ఇంకా వదల్లేదు. పూత విప్పి అరచేతిలో దులిపితే ఆవగింజల కన్నా సన్నగా నల్లటివి పరుగెత్తుతాయి. మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఐదారు రోజులకోసారి తైవాన్ పంపుతో కొట్టించాను. పుస్తకంలో లెక్కేస్తే సీజను మొత్తానికి 23 సార్లు. అందులో సగం కొట్లోవాళ్లు ‘ఇది కూడా కలుపు’ అని ఇచ్చినవే. అవి పనిచేశాయో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. కొట్టకుండా ఉండే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఇక్కడ ఒక వింత గమనించాను. పక్క పొలంవాడు కొట్టిన రోజు మనం కొట్టకపోతే, అక్కడి పురుగంతా లేచి మన తోటలో పడుతుంది. అందుకని రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు. ‘రేపు కొడుతున్నా, నువ్వూ కొట్టు.’ మా ఊళ్లో నలుగురు కలిసి చేసే పని ఇప్పుడు ఇదొక్కటే. అమ్మ రోజుల్లో బదులు పనికి వెళ్లేవాళ్లు. ఈ రోజు మీ చేలో కలుపు, రేపు మా చేలో, కూలి ఊసే లేదు. నవంబరులో మనుషులు దొరక్క అమ్మ తన పాత జట్టులో ఇద్దరిని అడగడానికి వెళ్లింది. వాళ్లిద్దరూ అమ్మకు వదిన వరస. మంచం వేసి కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ‘ఆటో ఖర్చు కూడా ఇస్తారా వదినా?’ అని అడిగారట. తప్పేం లేదు, బయట 300 వస్తుంటే ఎవరు మాత్రం ఊరికే వస్తారు? అయినా అమ్మ ఆ రోజు సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మా ఇంట్లో గేదె కూడా ఆ శీతాకాలమే వెళ్లిపోయింది. జొన్న వేస్తే చొప్ప మిగులుతుంది. మిరప మోడును గొడ్డు ముట్టదు. మందు కొట్టిన గట్ల మీద గడ్డి కోసుకురావడానికి భయం. చొప్ప కొనలేక అమ్మేశాం. ఇప్పుడు పొద్దున్నే పాల ప్యాకెట్ల ఆటో వస్తుంది, ఊళ్లో సగం ఇళ్లవాళ్లు దాని కోసం గేటు దగ్గర నిలబడతారు. అందులో మేమూ ఒకళ్లం.

సంక్రాంతి వెళ్లాక కోతలు. ఊళ్లోవాళ్లు చాలరు, కర్నూలు జిల్లా ఆదోని వైపు నుంచి ముఠాలు రావాల్సిందే. మాకు వచ్చిన ముఠాలో 14 మంది. తట్టాబుట్టా, పిల్లలు, రెండు కోళ్లతో సహా దిగి, గట్టు మీద పట్టాలతో గుడారాలు వేసుకున్నారు. మేస్త్రి ఒక ముప్ఫై ఐదేళ్ల ఆవిడ. చదువుకోలేదు కానీ నాలుగు ఊళ్ల కూలి రేట్లు నోటికే ఉన్నాయి. 20 వేలు అడ్వాన్సు తీసుకుని జనవరి 18న మొదలుపెట్టారు. నాలుగో రోజు పొద్దున చూస్తే చేలో ఎవరూ లేరు! చెరువు అవతలి రైతు మనిషికి 20 రూపాయలు ఎక్కువ ఇస్తానన్నాడట, అక్కడికి వెళ్లారు. మూడు రోజులు పండు కాయ చెట్టు మీదే వడలిపోతుంటే నాకు ఒకటే టెన్షన్. కోపంగా ఫోన్ చేస్తే ఆవిడ చాలా నెమ్మదిగా, ‘మీరు కూడా రేటు ఎక్కడ ఎక్కువుంటే అక్కడే కదన్నా అమ్ముతారు’ అంది. నేనూ 20 పెంచాను. వచ్చారు.

వాళ్లతో వచ్చిన పదేళ్ల పిల్ల ఒకతి తల్లి పక్కనే కాయ కోసేది. బడి ఏమైందంటే ఉగాదికి వెళ్లాక పోతానంది. రాత్రిపూట చేతుల మంటకు ఆముదం రాసుకుని అరచేతులు పైకి పెట్టి పడుకునేది. ఆ పిల్ల కోసిన కాయ కూడా నా టిక్కీల్లో ఉంది, మిరప మూటను మా దగ్గర టిక్కీ అంటారు. ఈ సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నాను, మనసొప్పలేదు.

కల్లంలో ఎండడానికి పది పన్నెండు రోజులు. సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి పట్టా కప్పాలి, పొద్దున తొమ్మిదికి మళ్లీ నెరపాలి. దొంగల భయానికి 11 రాత్రులు అక్కడే పడుకున్నాను. బాగా ఎండిన కాయను చెవి దగ్గర ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. నేను మొదటిసారి అది విని నాన్నకు ఫోన్లో వినిపించాను. ‘ఇంకో రెండు రోజులు ఉంచు’ అన్నాడు. తర్వాత ఆడవాళ్లు కూర్చుని తాలు ఏరారు. తెల్లమచ్చ పడిన కాయ, రంగు పోయిన కాయ అంతా తాలే, దానికి ఎర్రకాయ రేటులో సగం కూడా రాదు. మూటలు తొక్కే ముందు కాయ విరక్కుండా కొద్దిగా నీళ్లు చల్లుతారు. ఇంత కష్టపడి ఎండబెట్టి మళ్లీ నీళ్లేంటని నేను అడ్డం పడబోతే తొక్కేవాళ్లు నవ్వారు.

అప్పటికే వాట్సాప్‌లో రోజూ రేట్లు. జనవరి చివర్లో మా వీధి బాబాయ్ గుంటూరు వెళ్లొచ్చాడు. ‘ఎంత పడింది బాబాయ్?’ అంటే ‘పద్నాలుగున్నర’ అన్నాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పట్టలేదు. వారం తర్వాత వాళ్లబ్బాయి ఫోన్ రిపేరు చేయమని ఇస్తే, గ్యాలరీలో అదే తేదీ అమ్మకం పట్టీ (రసీదు) ఫొటో కనిపించింది, 13,100. బాబాయ్ నాకెందుకు అబద్ధం చెప్పాడో అర్థం కాలేదు. చిన్నప్పుడు వాళ్ల కందిచేలో కాయలు తిన్నవాణ్ణి, నా దగ్గర దాపరికం ఏమిటి అనుకున్నాను.

ఫిబ్రవరి 11 రాత్రి తొమ్మిదికి నా 20 టిక్కీలు లారీ ఎక్కాయి. ఇంకో ఇద్దరి సరుకు కూడా అందులోనే. తెల్లవారుజామున గుంటూరు మిర్చి యార్డు బయట వరసలో ఆగాం. ఎవరికీ నిద్ర లేదు, ఎవరూ మాట్లాడరు, అందరూ ఫోన్లు చూస్తున్నారు. లోపలికి వెళ్లేసరికి నాలుగున్నర. ఏజెంటు కొట్టు ముందు మూటలు దింపగానే దగ్గు మొదలైంది. హమాలీలు ముక్కుకు తువ్వాలు కట్టుకుని మూటలు మోస్తారు, నేను మాత్రం కళ్లల్లో నీళ్లు కారుతుంటే ఎర్రటి గుట్టల మధ్య నిలబడ్డాను. కొత్తవాళ్లు గుర్తుపెట్టుకోండి, పాత లుంగీ ఒకటి, మంచినీళ్ల సీసా రెండు తీసుకెళ్లండి.

పొద్దున మూట విప్పి కాయ పైకి పోశారు. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. ఒకాయన గుప్పెడు కాయ తీసుకుని పిడికిలి బిగించి వదిలాడు, కాయ మళ్లీ విచ్చుకుంటుందా లేదా అని చూశాడు. తొడిమ విరిచాడు. ఒక కాయను చీల్చి గింజల రంగు చూసి కింద పడేశాడు. మొత్తం పది సెకన్లు కూడా పట్టలేదు. ఏడు నెలలు నా కంటిమీద కునుకు లేకుండా చేసిన పంటను ఆయన నా మొహం వైపు కూడా చూడకుండా చూసేశాడు. గుమస్తా వచ్చి ‘12,300’ అన్నాడు. ‘ఇంకొంచెం అడగరా?’ అంటే, ‘తేమ ఉందంటున్నారు, సాయంత్రానికి ఇంకా తగ్గొచ్చు’ అన్నాడు. వేరే కొట్టుకు తీసుకెళ్దామన్న ఆలోచన వచ్చింది. ఆగస్టులో తాగిన టీ గుర్తొచ్చింది.

కాటాలో 8 క్వింటాళ్ల 20 కిలోలు. లెక్కకు 1,00,860 రూపాయలు. అందులో కమీషను, హమాలీ, ఆరు నెలల వడ్డీ 18 వేలు తీశారు. మచ్చు కింద తీసిన కాయ ఎంతో ఎవరూ తూచలేదు. నాకు తెలియనిది ఇంకోటి బయటపడింది. డబ్బు ఈ రోజే కావాలంటే నూటికి 2 కోత, లేకపోతే మూడు వారాలు ఆగాలి. ముఠాకు కూలి ఇవ్వాలి, ఆగలేను. చేతికి 76 వేల చిల్లర వచ్చింది. తిరుగు బస్సులో కూర్చుని రెండుసార్లు లెక్కపెట్టాను, రెండుసార్లూ తక్కువే అనిపించింది.

ఫిబ్రవరి చివర్లో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటా 11,781 రూపాయలు ప్రకటించింది. టీ కొట్టు దగ్గర రెండు రోజులు అదే చర్చ. పెట్టుబడికే చాలదని ఒకరు, ఇంతకంటే కిందికి పోదులే అని ఒకరు. నేను రెండో జట్టులో ఉన్నాను. మార్చి 19న రెండో కోత 30 టిక్కీలు, 10 మూటల తాలు తీసుకెళ్లాను. ఎర్రకాయ 11,200, తాలు 5,500. ప్రకటించిన రేటు సంగతి అడిగితే, ‘అది వేరే లెక్క, ఇది బజారు’ అన్నాడు ఏజెంటు. సరుకు విలువ 1,57,010. ఖర్చులు పోను అప్పు అసలు, మిగిలిన వడ్డీ మినహాయించుకుంటే నాకు రావాల్సింది సున్నా కాదు, ఇంకా 4 వేలు నేనే బాకీ. ఆ 4 వేలకు ఆయన ‘పర్లేదు, వచ్చే ఏడాది చూసుకుందాం’ అని భుజం తట్టాడు. వచ్చే ఏడాది కూడా సరుకు ఎవరి కొట్టుకు పోవాలో అక్కడే తేలిపోయింది.

చివరి కోత 24 టిక్కీలు అమ్మడానికి మనసు రాలేదు. గుంటూరులో ఏసీలో పెట్టాను, మా దగ్గర కోల్డ్ స్టోరేజీని అందరూ ఏసీ అనే అంటారు. హమాలీతో కలిపి టిక్కీకి 200 పైనే పడింది. రేటు పెరిగితే తీద్దామని. ఊళ్లో నాలాగే ఆశపడ్డవాళ్లు బోలెడుమంది. పెళ్లిళ్లు కూడా వాయిదా పడ్డాయి. ‘ఎప్పుడు ముహూర్తం?’ అంటే ‘ఏసీ సరుకు తీశాక’ అంటున్నారు.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం కూర్చుని లెక్క తీశాను. నారు 29,600, కౌలు 40 వేలు, దుక్కి 16 వేలు, ఎరువులు 50 వేలు, మందులు 90 వేలు, కలుపు, అంతర సేద్యం 38 వేలు, కోతలు, తాలు ఏరడం 1,36,000, పట్టాలు, గోతాలు, కిరాయిలు 22 వేలు, వడ్డీ 21,500. మొత్తం 4,43,100. అమ్మింది 2,57,870. అంటే ఏసీలో ఉన్న 10 క్వింటాళ్లు, క్వింటా సుమారు 18,500కు పోతే పెట్టుబడి తిరిగొస్తుంది. కమీషను, ఏసీ అద్దె అందులో లేవు, నేనూ అమ్మా నాన్నా చేసిన చాకిరీ సరే సరి. నాన్న పుస్తకం తీసుకుని వేలితో ఒక్కో వరసా చూశాడు. మందుల దగ్గర ఆగి, ‘ఇంతయిందా’ అని మళ్లీ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. పురుగుమందుల కొట్టాయన అక్కడే ఉన్నాడు, నేనింకా ఆయనకు 31 వేలు బాకీ. పక్కన బాబాయ్. బల్ల చివర, చెల్లెలికి చూస్తున్న సంబంధం తాలూకు పెద్దమనిషి ఒకాయన. ఎవరో అడిగారు, ‘అవునూ, నీకెంత పడిందిరా రెండో కోత?’ అని. అందరూ నావైపే చూశారు. పదకొండు వేలంటే కొట్టాయన రేపు మందు అరువివ్వడు. పెద్దమనిషి ఇంకో గుమ్మం చూసుకుంటాడు. పైగా నా కాయ బాగాలేదన్నట్టు ఉంటుంది.

‘పదమూడు’ అన్నాను.

బాబాయ్ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, టీ గ్లాసు కింద పెట్టి, ‘మంచి రేటేరా’ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మామ ఇంటికొచ్చాడు. వరండాలో కూర్చుని, ‘పదమూడు పడిందంట కదా అల్లుడూ. వచ్చే ఏడాదికి ఎకరం 42 అనుకుందాం, నీకు కాబట్టి’ అన్నాడు. లెక్కల పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. అమ్మ వచ్చి దాన్ని మూసి పక్కన పెట్టి, ఆయన చేతికి టీ ఇచ్చింది.